చిత్రకారుడి తోటలో కొత్త కన్ను

బస్సు కదిలిన దగ్గర్నుంచి ఆమె నవ్వుతూనే ఉంది.

ముందు సీటు కవరు ఎర్రగా ఉందని నవ్వింది. ఆ ఎరుపులో అక్కడక్కడ ఒక నారింజ దారం ఉందని కనిపెట్టి మళ్ళీ నవ్వింది. కిటికీలోంచి నీళ్ళ ట్యాంకు కనబడితే, అది తెల్లగా ఉందా అని పక్కావిడని అడిగింది. తెల్లగానే ఉంది, కట్టిన రోజు నుంచీ తెల్లగానే ఉంది అని పక్కావిడ చెప్పింది. పోయిన నెలదాకా అది తనకు వెన్న రంగులో ఉండేదని చెబుతూ ఆమె కడుపు పట్టుకుని నవ్వింది.

పక్కావిడ రిటైరైన నర్సు. ఇలాంటివాళ్ళని చాలామందిని చూసింది. కంటి ఆపరేషనైన కొత్తలో అందరూ పూనకం వచ్చినట్టే ఉంటారని, మూడో వారం ఇంట్లో దుమ్మంతా కనబడి నీరసపడిపోతారని చెప్పి, నల్ల కళ్ళద్దాలు పెట్టుకోమని గదిమింది.

పొద్దున పార్కులో నడిచే ఇరవైమంది ఏడాదికోసారి బస్సు మాట్లాడుకుని ఎక్కడికో ఒకచోటికి వెళతారు. ఈసారి ఒక పేరున్న చిత్రకారుడి పల్లెటూరి ఇంటికి బయల్దేరారు. ఆయన పోయి నలభై ఏళ్ళయింది. ఇంటిని ఆయన వదిలినట్టే ఉంచారు. తోటని ఆయన నాటినట్టే ఏటా నాటుతున్నారు. రెండు గంటల దారి.

ఆమె ఈ ప్రయాణానికి వచ్చింది ఇంటి కోసమూ కాదు, తోట కోసమూ కాదు. బస్సులో రెండో సీటులో ఆమె చెల్లెలు కూర్చుంది. ఆ చెల్లెలితో ఒక మాట చెప్పాలి. ఏడాదిన్నరగా ఇద్దరికీ మాటల్లేవు.

ఆమె రంగుల కొట్టులో పని చేస్తుంది. ముప్ఫైమూడేళ్ళుగా రంగులు కలుపుతోంది. కొట్లో ముందు భాగమంతా బ్రష్షులు, రోలర్లు, గరుకు కాగితాలు. వెనక గోడంతా డబ్బాలు. మధ్యలో తలుపు వెలుతురు పడేచోట ఆమె బల్ల. పగిలిన పెంకు ముక్క తెచ్చి ఇదే రంగు కావాలంటారు. చొక్కా గుండీ తెస్తారు. ఒకసారి ఒక పెద్దమనిషి చిలుక ఈక తెచ్చాడు. ఆమె ఒక కప్పులో తెల్ల రంగు పోసి, చిక్కటి రంగుల చిన్న సీసాలు తీసి, చుక్క తర్వాత చుక్క వేసి కలుపుతుంది. అట్ట ముక్క మీద పూసి, జుట్టు ఆరబెట్టే మిషనుతో ఆరబెట్టి, తెచ్చిన ముక్క పక్కన పెట్టి, గుమ్మంలోకి వెళ్ళి చూస్తుంది. చూసి, ఇంకొక్క చుక్క అంటుంది. కప్పుకి ఎన్ని చుక్కలో తేలాక ఆ లెక్కన బకెట్టుకి కొలుస్తారు. ఇంకొక్క చుక్క, ఇంకొక్క చుక్క అని అనీ అనీ బజారులో ఆమె పేరు చుక్కమ్మ అయి కూర్చుంది. ఆరేళ్ళ కిందట కంప్యూటరు మిషను వచ్చింది. అది కలిపిన రంగుని కూడా ఓనరు ఆమెకి చూపించిగాని బయటికి పంపడు.

ఆ పనిలో ఒకటే కట్టుబాటు. ముక్క చేతిలో లేకుండా రంగు కలపకూడదు. పని నేర్పిన ముసలాయన మొదటి రోజే చెప్పాడు: గుర్తుంది, గుర్తుంది అంటూ వచ్చేవాళ్ళని మర్యాదగా ఇంటికి పంపెయ్యి, గుర్తున్న రంగు పొద్దునొకలా సాయంత్రమొకలా ఉంటుంది.

ఈ కట్టుబాటు వల్లే ఆమె కళ్ళలో శుక్లాలు ముదురుతున్న సంగతి ఎవరికీ తెలియలేదు. ఆమెకీ తెలియలేదు. పసుపు పట్టిన గాజులోంచి చూసినట్టు చూస్తోంది. కానీ తెచ్చిన ముక్కనీ కలిపిన రంగునీ అదే గాజులోంచి చూస్తోంది. రెండూ ఒకేలా పసుపెక్కేవి. రెండూ కలిసేవి. కొనుక్కున్నవాళ్ళు సంతోషంగా వెళ్ళేవారు.

ముక్క లేకుండా ఆమె ఒక్కసారే కలిపింది. చెల్లెలి కోసం.

చెల్లెలు ఇంట్లో కర్టెన్లు కుట్టి ఇస్తుంది. కొనేవాళ్ళు వచ్చి హాల్లో కూర్చుని బట్టలు చూసుకుంటారు. ఏడాదిన్నర కిందట హాలుకి రంగు వేయించాలనుకుని, అక్కా, అమ్మ గది రంగు కావాలి అంది. చిన్నప్పటి ఇంట్లో వెనక గది. సున్నంలో ఇంత నీలిమందు కలిపి అమ్మే స్వయంగా వేసుకునేది. ఆ ఇల్లు పడగొట్టి యాభై ఏళ్ళయింది. ముక్క దొరకదు. చెల్లెలు అడిగింది కదా అని అక్క కలిపింది. కప్పులో చుక్క వేసింది, చాలలేదు. ఇంకో చుక్క వేసింది, ఇంకా తెల్లగానే కనబడింది. అమ్మ గది కళ్ళముందు ఆడేదాకా వేస్తూనే పోయింది. నాలుగు బకెట్లు కలిపించి పంపింది.

గోడ ఆరాక చెల్లెలు ఫోన్ చేసింది. అక్కా, ఇది కాదు, అంది. నీకు గుర్తులేదు, నువ్వప్పటికి ఆరేళ్ళదానివి, అని అక్క అంది. ఆరేళ్ళదాన్నే గాని గుడ్డిదాన్ని కాదని చెల్లెలు అంది. అప్పుడు అక్క నోరు జారింది. రంగు గురించి నాకు చెబుతున్నావా, కర్టెన్లు కుట్టుకునేదానివి కర్టెన్లు కుట్టుకో, నీ కళ్ళు చూపించుకో, అంది.

చెల్లెలు ఫోన్ పెట్టేసింది. అంతే.

గోడ మాత్రం అలాగే ఉంది. ఆ హాల్లో ఏ బట్ట పరిచినా పాలిపోయినట్టుంటోందని, కొనేవాళ్ళని వరండాలోకి తీసుకెళ్ళి చూపిస్తోందని, వానొస్తే గిరాకీ గొడుగుల కింద నడుస్తోందని మరిది చెబుతుండేవాడు.

పన్నెండు రోజుల కిందట చుక్కమ్మ కుడి కంటికి ఆపరేషను చేశారు. కట్టు విప్పిన రోజు ఇంటికి రాగానే ఆమె చేసిన మొదటి పని, అటక మీంచి ఆ రంగు మిగిలిన చిన్న డబ్బా దింపడం. మూత తీసింది. కొత్త కంటితో చూసింది. అది అమ్మ గది కాదు. ఈత కొలను అడుగున టైల్సు ఉంటాయే, ఆ నీలం. కళ్ళు జిగేల్మన్నాయి. ఎడమ కంటితో చూసింది. అమ్మ గది. కుడి కంటితో చూసింది. ఈత కొలను. వంటింట్లో ఒక్కతే కూర్చుని పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ, ఆ హాల్లో ఏడాదిన్నరగా మసులుతున్న మనిషి గుర్తొచ్చి ఆగిపోయింది.

ఎడమ కంటి ఆపరేషను వచ్చే గురువారం. ఈలోగా చెప్పెయ్యాలనుకుంది. ఫోను తీసింది, మళ్ళీ పెట్టేసింది. ముప్ఫైమూడేళ్ళలో రంగు విషయంలో తప్పు నాదే అనే మాట ఆమె నోట రాలేదు. ఎలా మొదలుపెట్టాలో కూడా తెలియదు.

ఇక మరిది. చెల్లెలి భర్త. పోస్టుమానుగా పని చేసి మూడేళ్ళ కిందట రిటైరయ్యాడు. కానీ అక్కాచెల్లెళ్ళ మధ్య మాటలు మోయడం మాత్రం తప్పలేదు. ఆ రోజు బస్సులోనూ అదే పని. మీ వదినగారికి కిటికీ గాలి కంటికి తగులుతుందేమో అని చెల్లెలు గాల్లోకి అంటే, ఆయన ఊగుతూ తొమ్మిదో సీటుదాకా వచ్చి చెప్పేవాడు. తగలట్లేదని అక్క అంటే ఊగుతూ వెళ్ళి చెప్పేవాడు. అందరూ చూస్తున్నారు. నడిచే బస్సులో బట్వాడా చేసిన పోస్టుమానుని నేనొక్కణ్ణే, అన్నాడు నర్సుతో.

చుక్కమ్మ ఆయన్ని ఆపి, గొంతు తగ్గించి, గోడ సంగతి కూడా కాస్త చెల్లికి చెప్పి పెట్టమంది. సంగతంతా విని ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇది రిజిస్టర్డ్ ఉత్తరం వదినగారూ. నేను పట్టుకెళ్తే తీసుకోదు. మీరే చేతికివ్వాలి."

టీ తాగడానికి బస్సు ఆగినచోట చెబుదామని ఆమె దిగింది. చెల్లెలు మరుగుదొడ్డి దగ్గర వరసలో నిలబడి ఉంది. వరసలో ఉన్న మనిషికి తప్పయిందని చెప్పడం పద్ధతి కాదనిపించింది. వెనక్కి వచ్చి ఎక్కి కూర్చుంది. పద్ధతి అనేది ఎంత చక్కగా అడ్డం వస్తుందో అనుకుని, సిగ్గుపడి, మళ్ళీ సీటు కవరులో నారింజ దారాలు వెతుక్కుంది.

ఇల్లు పెద్దదేం కాదు. రెండంతస్తులు. ఆకుపచ్చ కిటికీలు. తలుపు దగ్గర గైడు అమ్మాయి నిలబడి, ఏదీ ముట్టుకోవద్దని, తాళ్ళు కట్టినచోట తాడు దాటొద్దని, తోటలో పువ్వు కోయొద్దని ఒక్క గుక్కలో చెప్పింది. వాళ్ళ వెంట ఒక కాపలా మనిషి నడిచాడు. అరవైకి దగ్గర్లో ఉన్నాడు. ఇస్త్రీ మడత చెదరని చొక్కా. ఎవరి చెయ్యి ఎక్కడ పెడుతున్నారో చూడడం ఆయన పని.

లోపల నీడగా ఉందని చుక్కమ్మ కళ్ళద్దాలు తీసి సంచిలో వేసుకుంది. ఇక ఆమెను పట్టుకోలేకపోయారు.

వంటిల్లు. గోడ మీద రాగి గిన్నెలు పెద్దదాన్నుంచి చిన్నదాకా వరసగా వేలాడుతున్నాయి. ఆమె ఎడమ కన్ను మూసి చూసింది. గిన్నెలు గులాబీ రంగులో వెలిగాయి. కుడి కన్ను మూసి చూసింది. గిన్నెలు బెల్లం పాకంలా అయ్యాయి. ఎడమ, కుడి, ఎడమ, కుడి. ఒక వంటింటి ఖరీదుకి రెండు వంటిళ్ళు, అని నర్సు చెవిలో చెప్పింది. నర్సు ఆమె చెయ్యి గిల్లింది.

పడకగది. చిత్రకారుడి మంచం చాలా చిన్నది. అంత పేరున్న మనిషి కాళ్ళు ముడుచుకుని పడుకున్నాడా అని ఎవరో అడిగారు. చుక్కమ్మ దుప్పటిని ఒక కంటితో, దిండుని ఒక కంటితో చూసుకుంటోంది. తల తిప్పితే కాపలా మనిషి ఎదురుగా ఉన్నాడు. అప్పటికి ఆమె కుడి కన్ను మూసి ఉంది. ఆయన గబుక్కున కిటికీలోంచి బయటికి చూశాడు. మెట్లెక్కేటప్పుడు కాలరు సర్దుకున్నాడు. పై వరండాలో ఆమె మళ్ళీ ఒక కన్ను మూసి గోడమీది గడియారాన్ని చూసింది. గడియారం కింద నిలబడ్డది ఆయనే. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇదంతా గమనించిన నర్సు నోట్లో చేతిరుమాలు కుక్కుకుంది. నడక బృందంలో ఆడవాళ్ళందరికీ క్షణంలో తెలిసిపోయింది. తెలియనిది చుక్కమ్మకీ, మొదటి వరసలో నడుస్తున్న ఆమె చెల్లెలికీ.

చివరిది బొమ్మలు వేసే గది. ఉత్తరం వైపు గోడంతా ఒకటే కిటికీ. కిటికీ అవతల తోట. గదిలో తాడుకి అటువైపు పెద్దాయన బల్ల, బల్ల మీద రంగులు కలుపుకున్న పలక. ఆ పలక మీద ఎండిపోయిన రంగు చిన్న చిన్న దిబ్బలుగా ఉంది.

దాన్ని చూడగానే చుక్కమ్మ నవ్వు ఆగింది. అందరూ గోడమీది బొమ్మల్ని చూస్తుంటే ఆమె పలకనే చూసింది. రంగులు ఏడే. నలుపు లేదు. పక్కన పడి ఉన్న గొట్టాలు అడుగునుంచి మడత మీద మడత చుట్టి పిండుకున్నవి. మూతలు పోయినవాటికి గుడ్డ పీలిక చుట్టి ఉంది. ఆయన కూడా ఒక్కో చుక్కే వేసుకున్నాడు. ఆ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది. ఇలాంటివి ఎప్పుడూ చెల్లెలికే చెప్పేది.

బల్ల వెనక చట్రం మీద పెద్ద బొమ్మ ఉంది. తోటలో ఒక చెక్క బెంచీ. దాని వెనక మనిషెత్తు నీలం పూలు. ఈ నీలం కోసం ఆయన ఏడేళ్ళు పడ్డారని, ప్రతి వేసవిలో గీకేసి మళ్ళీ వేశారని గైడు అమ్మాయి చెప్పింది. బొమ్మలో ఉన్న పూల మడి కిటికీలోంచి నిజంగానే కనబడుతోంది. బొమ్మ, మడి పక్కపక్కనే.

తెచ్చిన ముక్క, కలిపిన రంగు. ముప్ఫైమూడేళ్ళ అలవాటు. చుక్కమ్మ కాళ్ళు వాటంతటవే ముందుకు నడిచాయి. పాత కంటితో మడిని చూసింది, బొమ్మని చూసింది. రెండూ బూడిదలో ముంచినట్టున్నాయి. కొత్త కంటితో మడిని చూసింది. నీలం. బొమ్మని చూసింది. కలిసింది. ఇంకొక్క చుక్క అక్కర్లేదు. ఇంకాస్త దగ్గరగా చూడాలని పాత కన్ను గట్టిగా మూసుకుని తాడు మీదుగా వంగింది. ఒక కన్ను మూస్తే దూరం ఎంతో తెలియదన్న సంగతి ఆమెకి తట్టలేదు. ఆమె ముక్కు దాటకూడని గీత దాటింది.

గది గదంతా కుయ్‌మని అలారం మోగింది.

అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. కాపలా మనిషి రెండంగల్లో వచ్చాడు. వచ్చి, ఆమె ఎదురుగా నిలబడి, ఇంకా ఒక కన్ను మూసుకునే ఉన్న ఆ మొహాన్ని చూసి, చెప్పాలనుకున్నది మరిచిపోయాడు.

"చూడండమ్మా," అన్నాడు చివరికి, మోతలో వినబడేలా. "వంటింటి దగ్గర్నుంచి చూస్తున్నాను. నాకు పెళ్ళయింది. మనవలున్నారు. మీరు ఊరికే అలా కన్ను కొడుతూ ఉంటే నేను డ్యూటీ ఎలా చేసేది?"

చుక్కమ్మ నోరు తెరిచింది. మూసిన కన్ను కూడా తెరిచింది. వెనక బృందమంతా ముందుకి జరిగింది. అప్పుడు వాళ్ళని తోసుకుంటూ చెల్లెలు వచ్చింది. భుజాన సంచీ, చేతిలో గొడుగు. వచ్చి ఇద్దరికీ మధ్య నిలబడింది.

"మా అక్క ఎవరికీ కన్ను కొట్టదు. మా బావకే కొట్టి ఉండదు."

గది గొల్లుమంది. కాపలా మనిషి మాత్రం నవ్వలేదు. అయితే అదేమిటో ఆవిణ్ణే చెప్పమనండి అన్నాడు. మోత ఆగలేదు. గైడు అమ్మాయి గోడ దగ్గర మీట కోసం వెతుకుతోంది. చెల్లెలు అక్కకి వీపు పెట్టి నిలబడింది, ఆయన్నే చూస్తోంది. ఏడాదిన్నరలో చెల్లెలు ఇంత దగ్గరగా రాలేదు. జడ దగ్గర వెంట్రుకలు కూడా కనబడుతున్నాయి.

చుక్కమ్మ కాపలా మనిషితో మొదలుపెట్టింది.

"ఇది కొత్త కన్ను బాబూ. ఇది పాతది. దీంతో చూస్తే ఆ పూలు నీలంగా ఉన్నాయి. దీంతో చూస్తే బూడిదగా ఉన్నాయి. నేను రంగులు కలుపుతాను. అది నా పని."

ఆయన తలాడించాడు.

"ఈ పాత కంటితోనే మా చెల్లెలింటి గోడకి రంగు కలిపాను. తప్పు కలిపాను."

ఎదురుగా ఉన్న వీపు కదల్లేదు. మోత ఆగింది. గైడు అమ్మాయికి మీట దొరికింది. ఆ నిశ్శబ్దంలో మిగిలిన మాట చెప్పక తప్పలేదు.

"తప్పు నాది పెట్టుకుని, కళ్ళు నీవి చూపించుకోమన్నాను."

కాపలా మనిషి చెల్లెలి వంక చూశాడు. నర్సు చూసింది. మరిది ఉత్తరం చిరునామాకి సరిగ్గా చేరిందా అన్నట్టు మెడ చాచి చూశాడు. చెల్లెలు మెల్లగా ఇటు తిరిగింది. గొడుగుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. ఆమె మొహంలో కోపం లేదు, జాలి లేదు. లెక్క తేలాల్సిన మనిషి మొహం.

"కప్పుకి ఎన్ని ఎక్కువ పడ్డాయి?" అంది.

"ఏడు. నాలుగు చాలు. పదకొండు వేశాను."

"పదకొండా."

"పదకొండు."

చెల్లెలు పెదవులు బిగించింది. పెదవులు వణికాయి. ముక్కు ఎగిసింది. అక్కకి ఆ మొహం చిన్నప్పటినుంచీ తెలుసు. బళ్ళో ప్రార్థన జరుగుతుంటే, ఎవరో పెద్దవాళ్ళు పోయిన ఇంట్లో కూర్చున్నప్పుడు, సరిగ్గా నవ్వకూడని చోట వచ్చే మొహం. చూడగానే తనకీ అంటుకునేది. ఇప్పుడూ అంటుకుంది. ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని ఊగిపోయారు. పదకొండు, అని చెల్లెలు ఒకసారి అంటుంది, మళ్ళీ కూలబడుతుంది. చుక్కమ్మ తూలింది. వెనక తాడు. మళ్ళీ కుయ్‌మంది.

గైడు అమ్మాయి అందరినీ బయటికి తోలింది. కాపలా మనిషి మెట్ల దగ్గర చుక్కమ్మకి చెయ్యి అందించి, తన పెద్దన్నయ్యకి కూడా శుక్లాలున్నాయని, ఎవరి చేత చేయించుకున్నారని అడిగాడు.

తోటలో మిగిలిన గంట ఎలా గడిచిందో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. చెల్లెలు అక్క మోచెయ్యి పట్టుకుని, మెట్టుంది, రాయుంది అని చెబుతూ లాక్కుపోయింది. ప్రతి మడి దగ్గరా ఆపి, ఇది ఆ కంట్లో ఏ రంగు, ఈ కంట్లో ఏ రంగు అని అడిగింది. ఊదా పువ్వు ఒక కంట్లో ఊదా, ఇంకో కంట్లో ఇటుక. తెల్ల పువ్వు ఒక కంట్లో ఉప్పు, ఇంకో కంట్లో దంతం. చెల్లెలు తను కూడా ఒక కన్ను మూసి చూసి, నాకేం తేడా లేదే, నాకంత అదృష్టం ఎక్కడిది అని వాపోయింది. దారికి అడ్డంగా నిలబడి రెండుసార్లు తోటమాలి చేత మాట అనిపించుకున్నారు. ముళ్ళ తీగ ఒకటి చెల్లెలి సంచీ పట్టుకుంటే, విడిపించడానికి ఇద్దరూ కూర్చుని, ఎందుకు కూర్చున్నారో మరిచిపోయి ఏడాదిన్నర కబుర్లు చెప్పుకున్నారు. ఆ గోడకి తెల్ల దుప్పటి కట్టి చూసిందట. దుప్పటి కూడా నీలంగా కనబడిందట. దీపాలార్పేస్తే మాత్రం చాలా బాగుంటుందట. ఒక పెళ్ళివారు కర్టెన్లు చూడడానికి వచ్చి, మీ హాల్లో ఈత నేర్పుతారా అని అడిగారట. ఈ చివరిది చెప్పేసరికి చుక్కమ్మ గడ్డి మీద వెల్లకిలా పడిపోయింది. కంటికి నీళ్ళు తగలకూడదని నర్సు దూరం నుంచి అరుస్తోంది. కళ్ళలోంచే వస్తుంటే ఏం చెయ్యను అని ఆమె జవాబు.

మరి మార్పించలేదేం అని అక్క అడిగింది.

చెల్లెలు సంచీలోంచి ముల్లు పీకింది. వేరేవాళ్ళ చేత కలిపించడం ఇష్టం లేకపోయిందని చెప్పింది. మామూలుగానే చెప్పింది. ఆ మాట దగ్గర ఇద్దరూ నవ్వలేదు.

బొమ్మలో ఉన్న బెంచీ నిజంగానే ఉంది. దాని మీద కూర్చోవచ్చని రాసి ఉంది. ఇద్దరూ కూర్చున్నారు. వెనక పొడుగు కాడల మీద గంటల్లాంటి నీలం పూలు వాళ్ళ తలల కంటే ఎత్తుగా ఉన్నాయి. బస్సు దగ్గర ఎవరో హారను కొడుతున్నారు. ఇద్దరూ లేవలేదు.

"సరే, పూలయ్యాయి," అంది చెల్లెలు. "ఇప్పుడు నన్ను చూడు. ఏ కంట్లో బాగున్నాను?"

చుక్కమ్మ సర్దుకుని కూర్చుంది. కొట్లో గుమ్మంలో నిలబడి చూసినట్టే, చెల్లెలి గడ్డం పట్టుకుని వెలుతురుకి తిప్పింది. పాత కంటితో చూసింది. చెల్లెలు పెళ్ళినాటి ఫోటోలో లాగే ఉంది. మొహమంతా సాయంత్రపు ఎండ పడ్డట్టు ఒకటే నునుపు. కొత్త కంటితో చూసింది. కళ్ళ చివర గీతలు. ముక్కు మీద కళ్ళద్దాలు పడ్డ గుర్తు. చెంప మీద రెండు గోధుమ మచ్చలు, ఇవెప్పుడు వచ్చాయో. పాపిట్లో తెలుపు. తెలుపు పైన వేసిన రంగు, నలుపనుకుని వేసుకుంటోంది గాని, వంకాయ. ఈ ఏడాదిన్నరలో వచ్చినవేవో, అంతకుముందే వచ్చి తనకి కనబడనివేవో తేల్చుకోవడం కుదరలేదు. ఎంతసేపైనా చూస్తూ ఉండాలనిపించింది.

"ఏం, చెప్పవేం?"

"పాత కంట్లో."

"ఎంత తేడా?"

చుక్కమ్మ మళ్ళీ చూసింది. ఎడమ. కుడి. నవ్వు గొంతుదాకా వచ్చి ఉంది. ఉన్నదున్నట్టు చెప్పింది.

"చాలా."

చెల్లెలు గొడుగుతో ఆమె మోకాలి మీద ఒక్కటిచ్చింది. అయితే గురువారం ఆసుపత్రికి వెళ్ళనక్కర్లేదని, ఆ కన్ను అలాగే ఉంచుకుని తనని దాంతోనే చూడమని, కావాలంటే కుడి కంటికి గంతలు కుట్టిస్తానని, కర్టెను గుడ్డ చాలా ఉందని అంది.

"లేదు, వెళ్తాను," అంది అక్క. "నీ జుట్టుకి రంగు నేను కలపాలి."

"ముందు గోడ," అంది చెల్లెలు.